ల్యాప్‌టాప్‌కి కాడి కట్టినాయన

పోయిన నెలలో తిరువూరు బస్టాండులో విస్సన్నపేట బస్సు కోసం నిలబడి ఉంటే, పాత కాలేజీలో నాతో పనిచేసిన అటెండరు కనిపించి, "ఫోనాయన పోయారండి, మీకు తెలిసే ఉంటది" అన్నాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి తల ఊపాను. ఆయన పోయి అప్పటికే ఇరవై రోజులైందట. తెలియని విషయానికి తెలిసినట్టు తల ఊపడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఆ జబ్బును కొంతకాలమైనా అదుపులో పెట్టింది ఆయనే. చివరికి ఆయన పోయిన వార్త దగ్గరే అది మళ్ళీ బయటపడింది.

బస్సెక్కి కూర్చున్నాక దుఃఖం వచ్చింది. పక్క సీటాయన నాకేదో కంట్లో పడిందనుకుని కిటికీ మూశాడు.

ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లైన్లు బాగుచేసే ఉద్యోగి. పేరుండేది, కానీ ఊళ్ళో ఎవరూ వాడేవారు కాదు. ఫోనాయన అంటే చాలు. నేను బాబాయ్ అనేవాణ్ణి. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవారైనా నన్ను సార్ అనేవారు, నేను కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాణ్ణి కాబట్టి. అలా పిలవొద్దని నేను ఒక్కసారి కూడా అనలేదు. సైకిలు పక్కన కట్టిన నిచ్చెన, లైను పరీక్షించడానికి నడుముకు వేలాడే నల్లటి ఫోను, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు, ఇవీ ఆయన ఆనవాళ్ళు. లైను వినేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. వినడం అయిపోయాక కూడా కాసేపు తెరిచేవారు కాదు.

ఏ వస్తువు చేతికిచ్చినా ముందు బోర్లా తిప్పి చూడటం ఆయన అలవాటు. కుర్చీ వేస్తే దాని అడుగు చూసి కూర్చునేవారు. మామిడిపండు ఇస్తే తొడిమ దగ్గర చూసి తినేవారు. మా ఇంటికి ఫ్రిజ్ వచ్చిన రోజున, మేం పిలిచినవాళ్ళంతా తలుపు తీసి లోపలి లైటు చూసి మెచ్చుకుంటుంటే, ఆయన గోడకీ దానికీ మధ్య తల దూర్చి వెనక వైపు చూస్తూ నిలబడ్డారు. ఎదురింటి పిల్ల ప్రోగ్రెస్ కార్డు తెచ్చి చూపిస్తే మార్కుల వైపు చూడకుండా ముందు అట్ట వెనక్కి తిప్పి, "ఈ నెల తొమ్మిది రోజులు బడికెళ్ళలేదేంటమ్మా?" అన్నారు. ఆ పిల్ల మళ్ళీ ఆయనకు ఏ కార్డూ చూపించలేదు.

"ముందరంతా వాళ్ళు మనకి చూపిద్దామనుకున్నదండి. వద్దనుకున్నదంతా వెనక పెడతారు" అనేవారు.

ఈ చూపు ఆయనకు వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చింది. వాళ్ళది రెడ్డిగూడెం వైపు వ్యవసాయ కుటుంబం. ఆ పెద్దాయన ఎద్దుని చూశాడంటే ఇక తిరుగులేదని చుట్టుపక్కల పేరు. తండ్రి పోయాక రైతులు ఈయన దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఫోను ఫిర్యాదు రాయించడానికి వచ్చినట్టు ఎక్స్ఛేంజీలోకి వచ్చి, "రేపు సంతకి రావాలి, ఒక జత చూశాం" అని గుసగుసగా చెప్పి వెళ్ళేవారు. సంత రోజున ఈయనకు సెలవే. ఆయన నియమాలు రెండే. ఎద్దుని ముఖం వైపు నుంచి చూడకూడదు. కాడి కట్టి ఒక చాలు దున్నించందే బయానా ఇవ్వకూడదు. అమ్మేవాడు జాతి గురించి చెప్పడం మొదలుపెడితే ఆయన చెవులు మూసుకునేవారట. "ఒంగోలు జాతి అంటారండి. జాతి వచ్చి దున్నుద్దా? దున్నేది ఈ ఎద్దు."

ఇక నా సంగతి. రెండు వేల మూడు, నాలుగు ప్రాంతాల్లో తిరువూరు మొత్తం మీద కంప్యూటర్లో విండోస్ కాకుండా లినక్స్ వాడే మనిషిని నేనొక్కణ్ణే. ఇది నేను వేసుకున్న లెక్క. ఎవరూ కాదనలేదు, ఎవరికీ అక్కర్లేదు కాబట్టి. ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో నాకు లినక్స్ దొరికింది. అప్పట్నుంచి ఎవరింట్లో కంప్యూటరుకి వైరస్ పట్టినా నేను పరామర్శకు వెళ్ళి, నాకు ఎందుకు పట్టదో చెప్పి వచ్చేవాణ్ణి. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి వాళ్ళకు కూడా చెప్పేవాణ్ణి. నా కంప్యూటర్లో ఒక స్పీకరే పలికేదని, ప్రింటరు అసలు కదిలేది కాదని మాత్రం చెప్పేవాణ్ణి కాదు.

ఫోనాయన ఓసారి కాలేజీ ల్యాబులో లైను బాగుచేయడానికి వచ్చి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చూసి, "ఇది కూడా కంప్యూటరేనాండి?" అని మర్యాదగా అడిగారు. నేను ముప్పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన మొత్తం విని, "బాగుందండి. ఏదీ, ఒక కాయితం ప్రింటు తీయండి" అన్నారు. ఇంకు అయిపోయిందన్నాను. ఆయన ప్రింటరు వెనక్కి వెళ్ళి చూసి, టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ రోజుల్లోనే నాకు ఉద్యోగం ఒకటి తగిలింది. హైదరాబాదులో ఒక కంపెనీ. వాళ్ళ పెద్ద కంప్యూటర్లన్నీ లినక్స్ మీద నడుస్తాయి. వాటిని ఫోను లైను మీద దూరం నుంచే చూసుకునే మనిషి కావాలి. మా ఆవిడ రెడ్డిగూడెం బళ్ళో టీచరు, నాకా తిరువూరు వదలాలని లేదు, కాబట్టి ఇది నా కోసమే పుట్టిన ఉద్యోగం. షరతులు మూడు. సొంత ల్యాప్‌టాప్ ఉండాలి, నెలకోసారి దాన్ని పట్టుకుని హైదరాబాదు రావాలి. అందులో లినక్స్ ఉండాలి. వాళ్ళు చెప్పిన సోమవారం పొద్దున పది నుంచి పదకొండు దాకా ఇంటి నుంచి వాళ్ళ కంప్యూటర్లోకి వెళ్ళి, ఇచ్చిన పని పూర్తి చేసి చూపించాలి. మధ్యలో లైను తెగితే నా తర్వాతి మనిషిని పిలుస్తారు.

ఆ ఉత్తరం చదివిన రోజే నేను కాలేజీకి రాజీనామా ఇచ్చాను. ఇంగ్లీషులో, మూడు గంభీరమైన వాక్యాలతో. ప్రిన్సిపాలు గారు రెండో వాక్యం దగ్గరే సంతకం పెట్టేశారు. నా స్థానంలో మర్నాటికల్లా ఇంకొకరు చేరారు. నేను లేకపోతే ల్యాబు మూతపడుతుందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

"ల్యాప్‌టాప్ కొని, ఆ పరీక్షేదో అయ్యాక ఇస్తే సరిపోయేది గదా?" అంది మా ఆవిడ. "ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే స్వీట్లు కూడా పంచారు."

"నీకు టెక్నాలజీ మీద నమ్మకం లేదు" అన్నాను.

"టెక్నాలజీ మీద ఉంది" అని ఆవిడ బస్సుకి వెళ్ళిపోయింది.

ఏ ల్యాప్‌టాప్ కొనాలన్నది నేను ఆషామాషీగా తేల్చలేదు. లినక్స్ ఏ ల్యాప్‌టాప్ మీద నడిచింది, ఏది మొరాయించింది అని ప్రపంచం నలుమూలల వాళ్ళు ఇంటర్నెట్‌లో రాసుకునే జాబితా ఉండేది. పదకొండు పేజీలు ప్రింటు తీయించి (ఎవరి ప్రింటరో అడగకండి) ఫైలు కట్టి, పసుపు రంగు పెన్నుతో గీతలు పెట్టాను. నాలుగు నక్షత్రాలున్న మోడల్ ఒకటి తేల్చాను. వెండి రంగుది. రంగు గురించి జాబితాలో లేదు, అది నా సొంత పరిశోధన.

ఫోనాయనకు సంగతి తెలిసి ఇంటికొచ్చారు. "సార్, శుక్రవారం నాకు సెలవుంది. బెజవాడ నేను కూడా రానా?"

"బాబాయ్, ఇది సంతలో ఎద్దుల బేరం కాదు" అని ఫైలు చేతికిచ్చాను. ఆయన అలవాటు ప్రకారం కాగితాలు వెనక్కి తిప్పారు. వెనక తెల్లగా ఉంది.

"ఇది రాసినాయన చూసిన పెట్టె, మీరు కొనే పెట్టె ఒకటేనాండి?"

"అదే మోడల్ బాబాయ్. అక్షరం పొల్లు పోకుండా అదే."

"మోడలంటే జాతి గదండి" అన్నారాయన.

నేను నవ్వాను. శుక్రవారం దాకా ఆగితే ఆయన వస్తారని బుధవారమే బెజవాడ వెళ్ళి కొనుక్కొచ్చాను. కొట్లో దాన్ని తెరిచిన కుర్రాడు విండోస్‌లో సముద్రం బొమ్మ చూపించాడు. నేను ముఖం చూసి మురిసిపోయాను. ఇంటికొచ్చి విండోస్ తుడిచేసి లినక్స్ ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. తెర వెలిగింది. రెండు స్పీకర్లూ పలికాయి. మా ఆవిడని పిలిచి రెండో స్పీకరు వినిపించాను. శుక్రవారం సాయంత్రం ఫోను తీగ గుచ్చి డయల్ చేయమన్నాను. ఏ చప్పుడూ లేదు. అసలు ఫోను లైనుకి కలిపే మోడెమ్ అనేది ఎక్కడుందని ల్యాప్‌టాప్ నన్నే అడిగింది.

జరిగింది చాలా చిన్న సంగతి. జాబితాలో రాసినాయన కొన్న ల్యాప్‌టాప్‌లో ఒక రకం మోడెమ్ ఉంది. నేను కొనేనాటికి తయారు చేసేవాళ్ళు పేరు మార్చకుండా లోపల మోడెమ్ మార్చేశారు. ఈ కొత్తది సగం పని తను చేసి, మిగతా సగం విండోస్ చేత చేయించుకునే రకం. విండోస్ లేకపోతే అది ఉత్త సాకెట్టే. పైన పటారం, లోన లొటారం అంటారే, సరిగ్గా అది. నా పరిస్థితికి కూడా ఆ మాట సరిపోతుంది. సోమవారం మూడు రోజుల్లో ఉంది, కాలేజీలో నా కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు.

"చిన్న సర్దుబాటు" అని మా ఆవిడతో చెప్పాను. రాత్రి అన్నం తినలేదు. ఆవిడ ఇంకేమీ అడగకుండా, తెల్లారగానే ఎక్స్ఛేంజీకి చేసి మా ఇంట్లో ఫోను పనిచేయడం లేదని ఫిర్యాదు రాయించింది. పావుగంటలో ఫోనాయన నిచ్చెనతో సహా వచ్చారు. రిసీవరు ఎత్తి విన్నారు, కళ్ళు మూసుకున్నారు.

"ఫోను బాగానే ఉందమ్మా."

"పాడైంది ఫోను కాదు బాబాయ్ గారూ, మీ సారు" అంది మా ఆవిడ.

ఆయన ల్యాప్‌టాప్ అందుకుని బోర్లా తిప్పారు. జేబులో టెస్టరు తీసి అడుగున చిన్న మూత విప్పి, కళ్ళజోడు పైకి నెట్టుకుని లోపల రాసి ఉన్నది కూడబలుక్కుని చదివారు. నా ఫైలు అడిగి, పసుపు గీత దగ్గర రాసిన పేరుతో పోల్చారు. "పేగులు వేరండి" అన్నారు. నేను ముందే చెప్పాను అంటారేమోనని ఎదురుచూశాను. అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. అనలేదు. "తొమ్మిదింటి బస్సు దొరుకుద్ది. సీడీ ఏదో ఉంటదన్నారే, లోపల ఎక్కించక్కర్లేకుండా దాని మీంచే నడిచే లినక్స్, అది తీసుకోండి" అన్నారు.

బెజవాడ కొట్టు యజమాని మమ్మల్ని చూడగానే, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు అన్న బోర్డు చూపించాడు. పైగా నేను అందులో ఉన్న విండోస్ తుడిచేశాను. ఫోనాయన వాదించలేదు. స్టూలు బోర్లా తిప్పి చూసి, దాని మీద కూర్చున్నారు.

"మీది ఏ ఊరండి?"

"నూజివీడు అవతల."

"వ్యవసాయమేనా?"

"మా నాన్న చేసేవాడు. ఎందుకండీ?"

"మీ నాన్న గారు అమ్మిన ఎద్దు కాడి ఎక్కకపోతే, కొన్నాయన వచ్చే సంతలోపే వెనక్కి తోలుకొస్తే ఏం చేసేవారండి?"

యజమాని బోర్డు వైపు చూశాడు. "తీసుకునేవాడు. ఇంకో ఎద్దుని ఇచ్చేవాడు" అన్నాడు. "కంప్యూటరు ఎద్దేంటండీ?"

"పనిచేసేదే గదండి. మేం డబ్బులు అడగట్లేదు. ఇంకోటి చూసుకుంటాం. కాకపోతే కాడి కట్టి చూసుకుంటాం."

అలా మొదలైంది. ఫోనాయన కొట్టు ఫోనులోంచి తీగ పీకి, తన సంచిలోంచి తెచ్చుకున్న తీగ గుచ్చారు. "ఎద్దునమ్మేవాడు పలుపుతాడు ఇవ్వడండి. మనమే తెచ్చుకోవాలి" అని యజమానికి చెప్పారు. ఒక్కో ల్యాప్‌టాప్ బోర్లా తిప్పి చూడటం, నా సీడీ పెట్టి లేపడం, తిరువూరులో ఆయన ఇంటి నంబరుకి డయల్ చేయించడం. పక్కనున్న సెల్లుకి చేసుకుంటే సరిపోతుంది కదా అని యజమాని అంటే, "నాలుగడుగులు ఎవరైనా నడుస్తారండి. తిరువూరు దాకా లాగాలి గదా" అన్నారు. ప్రతిసారీ యజమాని సెల్లు అడిగి పుచ్చుకుని ఇంటికి చేసి, "మోగిందా?" అని భార్యని కనుక్కునేవారు. మొదటి మూడూ మోగలేదు. నాలుగోదానికి ఆవిడ గొంతు కొట్టంతా వినిపించింది.

"మోగింది. ఎత్తితే కుయ్ కుయ్ మంటా ఉంది. ఏంటయ్యా ఇది, పప్పు మాడింది ఇక్కడ."

"పప్పు పోతే పోయింది. ఇంకోసారి చేయిస్తా, ఎత్తు."

మూడుసార్లు ఎత్తించారు. మూడుసార్లూ కుయ్యంది. ఆ నాలుగోది కొట్లో ఒక మూల ఎవరూ అడగని, రెండంగుళాల మందాన నల్లటి మొద్దు. నా ముఖం వాడిపోయింది. వెండి రంగుది ఇచ్చి దాన్ని తీసుకోవడమంటే ప్రాణం ఒప్పలేదు. ఉద్యోగం పోయే స్థితిలో కూడా నేను రంగు గురించే ఆలోచిస్తున్నానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కానీ అదే నిజం.

"ముఖం బాగాలేదండి దీనికి, ఒప్పుకుంటా" అన్నారు ఫోనాయన, నా ముఖం చూసి. "దున్నేది ముఖం గాదు గదండి, లైను అవతల వాళ్ళకి ఇది కనపడదు."

బస్సులో దాన్ని ఆయనే ఒళ్ళో పెట్టుకున్నారు. నా చేతికి ఇవ్వలేదు.

ఆ నల్ల మొద్దు నాకు ఆరేళ్ళు పనిచేసింది. తర్వాత ఊళ్ళో ఎవరు ల్యాప్‌టాప్ కొన్నా నన్ను అడగడం మొదలుపెట్టారు. నేను గంభీరంగా బోర్లా తిప్పి చూసి, సీడీ పెట్టి చూడందే కొనవద్దని చెప్పేవాణ్ణి. ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పడం చాలాసార్లు మరిచిపోయాను. మరిచిపోయాను అనడం కూడా అబద్ధమే. ఆయన రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడూ వచ్చేవారు. ఫోను తీగల కాలం పోయి, మా ఇంట్లో కూడా గాల్లో నడిచే ఇంటర్నెట్ వచ్చింది. ఆ చిన్న పెట్టెని కూడా బోర్లా తిప్పి చూసి, "దీనికి వెనకంటూ ఏమీ లేదండి" అని దిగులుగా కింద పెట్టారు. నేను పనుల్లో పడి వాళ్ళింటికి వెళ్ళడం తగ్గించాను. పోయేముందు రెండేళ్ళు ఆయన్ని చూడనే లేదు.

ఇంతా చేసి, ఆయన తలపుకొస్తే నాకు కనపడేది కొట్టు కాదు, ఆ సోమవారం.

ఆదివారం సాయంత్రం గట్టి వాన పడింది. పొద్దున ఫోనులో బరబర శబ్దం. అయినా సరిగ్గా పదింటికి నల్ల మొద్దు డయల్ చేసింది, అవతలి కంప్యూటరు తలుపు తీసింది. మా ఆవిడ ఆ పూట సెలవు పెట్టి వెనక కూర్చుంది. మొదట్లో రెండు మూడుసార్లు లైను ఆగి ఆగి వచ్చింది. నా గుండె కూడా దాంతోపాటే ఆగి ఆగి కొట్టుకుంది. ఒక పది నిమిషాలకి ఏమైందో, లైను నూనె రాసినట్టు సాఫీగా సాగింది. ఇచ్చిన పని పదకొండుకి ఐదు నిమిషాలుండగా పూర్తి చేశాను. అవతలి నుంచి జవాబు వచ్చింది. పని బాగుంది, రేపట్నుంచి మొదలుపెట్టండి అని.

ఇక నన్ను పట్టడం ఎవరి తరం? లైను కూడా తీయకుండా కుర్చీ వెనక్కి తిప్పుకుని, ఆ పనిలో మెలిక ఎక్కడుందో, దాన్ని నేను ఎంత చాకచక్యంగా విప్పానో మా ఆవిడకు చెప్పసాగాను. లైను మొరాయించినా నేను తొణక్కుండా దాన్ని ఎలా దారికి తెచ్చానో కూడా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా వింటూ కిటికీలోంచి బయటికి చూసింది.

"బాబాయ్ గారు ఇందాకట్నుంచి ఆ స్తంభం మీదే ఉన్నారేంటి?"

వీధి చివర స్తంభానికి నిచ్చెన వేసి ఉంది. ఆయన పైన నిలబడి ఉన్నారు. ఒక చేత్తో స్తంభాన్ని పట్టుకున్నారు, ఇంకో చెయ్యి తీగలుండే ఇనప పెట్టెలో ఉంది. చొక్కా వీపంతా తడిసి అతుక్కుపోయింది. నేను కిందికెళ్ళి నిచ్చెన దగ్గర నిలబడి, టీ తాగుదాం దిగి రండి అన్నాను.

"దిగడానికి లేదండి. వానకి మీ తీగ పెట్టెలో విరిగి, తగిలీ తగలకుండా ఉంది" అన్నారాయన, తల తిప్పకుండా. "మళ్ళీ కట్టాలంటే లైను ఒకసారి తెంపాలి. పదింటికొచ్చి వింటే మీరప్పటికే లోపలున్నారు. అందుకని రెండు కొసలూ కలిపి పట్టుకున్నా. అయిందాండి పని?"

నేను చేతి గడియారం చూసుకున్నాను. పదకొండుంబావు దాటింది. పని అయిపోయి ఇరవై నిమిషాలైందని, అంతసేపూ నా ప్రతిభ గురించి మా ఆవిడకు చెబుతున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఇప్పుడే అయింది బాబాయ్" అన్నాను.

"అయితే చెయ్యి తీసేయొచ్చాండి?" అని అడిగారు. నేను ఊ అనేదాకా తీయలేదు.